చక్రాల కుర్చీలో కూర్చున్న పగ: ‘వాటెవర్ హ్యాపెన్డ్ టు బేబీ జేన్?’ (1962) సమీక్ష

రాబర్ట్ ఆల్డ్రిచ్ దర్శకత్వంలో 1962లో వచ్చిన ‘వాటెవర్ హ్యాపెన్డ్ టు బేబీ జేన్?’ పేరు చెప్పగానే చాలామందికి ముందుగా గుర్తుకొచ్చేది బెట్టీ డేవిస్ ముఖం. గోడకు సున్నం కొట్టినట్టు పొర మీద పొరగా పూసుకున్న తెల్లటి మేకప్, కళ్ల చుట్టూ చెదిరిన కాటుక, చెంప మీద హృదయాకారంలో దిద్దుకున్న పుట్టుమచ్చ, చిన్నపిల్లలకు తిప్పినట్టు ఉంగరాలు తిప్పిన జుట్టు. ఆ తర్వాత గుర్తుకొచ్చేది ఆమెకూ, ఆమెతో కలిసి నటించిన జోన్ క్రాఫర్డ్‌కూ మధ్య నడిచిన వైరం. ఆ ముఖం మరపురానిదే, ఆ వైరం గురించిన కథలూ ఆసక్తికరమైనవే. అయితే వాటి చాటున ఈ చిత్రం సాధించిన అసలు పని కనబడకుండా పోయిందని నేను గట్టిగా నమ్ముతాను. మతి చలించిన ఒక స్త్రీ, ఆమె చేతికి చిక్కిన ఒక నిస్సహాయురాలు అనే లెక్కతో చూడటం మొదలుపెట్టిన ప్రేక్షకుడి చేతనే, 134 నిమిషాలు గడిచేసరికి ఆ లెక్కను తిరగరాయించే చిత్రం ఇది. ఆ తిరగరాతకు ఆధారం డేవిస్ కన్నా ఎక్కువగా క్రాఫర్డ్ నటనలో ఉంది.

కథ స్థూలంగా ఇది. జేన్ హడ్సన్ చిన్నతనంలో ‘బేబీ జేన్’ పేరుతో వేదికల మీద ఆడి పాడి ఊరూరా పేరు తెచ్చుకున్న బాలతార. ఆమె తోబుట్టువు బ్లాంచ్‌ను అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. పెద్దయ్యాక పరిస్థితి తలకిందులై, బ్లాంచ్ హాలీవుడ్‌లో అగ్రతార కాగా జేన్ నటన ఎందుకూ పనికిరాదని తేలిపోయింది. ఒక రాత్రి జరిగిన కారు ప్రమాదంలో బ్లాంచ్ నడుము విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైంది. తాగి ఉన్న జేనే ఆ పని చేసిందని లోకమంతా నమ్మింది. అప్పటినుంచి దశాబ్దాలుగా ఇద్దరూ లాస్ ఏంజెలెస్‌లోని ఒకే పాత ఇంట్లో, పై అంతస్తులో ఒకరూ కింద ఒకరూ బతుకుతున్నారు. బ్లాంచ్ ఆ ఇల్లు అమ్మేసి, జేన్‌ను ఎక్కడైనా చికిత్సకు చేర్చాలని ఆలోచిస్తున్న సమయంలో, ఆ సంగతి జేన్ చెవిన పడుతుంది. అక్కడినుంచి పై అంతస్తు గది ఒక చెరసాలగా మారుతుంది.

హెన్రీ ఫారెల్ 1960లో రాసిన నవలను లూకస్ హెల్లర్ తెరకు అనువదించారు. ఆ అనువాదంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆరంభం. పాత్రల పేర్లు కనిపించడానికి ముందే రెండు పూర్వకథలు వస్తాయి, ఒకటి 1917లో, మరొకటి 1935లో. మొదటి దృశ్యం వెలగకముందే చీకటి తెర మీద ఒక చిన్నపిల్ల ఏడుపు వినిపిస్తుంది. ఇందులో భయపడాల్సిందేమీ లేదు, మళ్లీ చూస్తావా అని ఒక మగ గొంతు ఆ పిల్లను అడుగుతుంది. ఆ వెంటనే పెట్టెలోంచి ఎగిరిపడే బొమ్మ కనిపిస్తుంది. సముదాయిస్తున్నట్టే ఉంటూ భయపెట్టే ఆ గొంతు చిత్రం మొత్తానికి శ్రుతి పెట్టింది.

1917 నాటి సన్నివేశంలో బేబీ జేన్ వేదిక మీద తండ్రిని తలచుకుంటూ పాట పాడుతుంది, తండ్రి ఆమె చేయి పట్టుకుని నాట్యమాడతాడు, ప్రదర్శన అయ్యాక ఆమె పోలికలతో చేసిన నిలువెత్తు బొమ్మలను జనానికి అమ్ముతారు. తెర వెనక చీకట్లో తల్లీ బ్లాంచ్ నిలబడి చూస్తుంటారు. బయటికి రాగానే జేన్ ఐస్‌క్రీమ్ కావాలని మారాం చేస్తుంది, ఈ సంపాదనంతా తనదేనని అందరూ వింటుండగా తండ్రికి గుర్తుచేస్తుంది, తండ్రి లొంగిపోతాడు. ఆ కోపం కాస్తా బ్లాంచ్ మీదకు మళ్లుతుంది. అప్పుడు తల్లి ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, ఏదో ఒకరోజు నీకే పేరు వస్తుంది, ఆ రోజు వచ్చినప్పుడు ఇప్పుడు వాళ్లు నిన్ను చూస్తున్న దానికంటే దయగా నువ్వు వాళ్లను చూడాలి సుమా అని చెబుతుంది. బ్లాంచ్ పళ్లు బిగపట్టి, మరిచిపోనని బదులిస్తుంది. ఆ మాట అనేటప్పుడు ఆ బాలనటి గినా గిలెస్పీ ముఖంలో దయ జాడ ఎక్కడా ఉండదు. మొదటిసారి చూసినప్పుడు అది గాయపడిన పిల్ల రోషంగానే అనిపిస్తుంది. ఈ చిత్రం మొత్తం ఆ ఒక్క మాట మీద కట్టిందని తర్వాతే అర్థమవుతుంది.

ఆ దృశ్యంలోని మరో విషయం కూడా గమనించదగ్గది. ఇద్దరు పిల్లల మధ్య పోటీని ఇక్కడ పిల్లలు మొదలుపెట్టలేదు. ఇంటి ఆదాయమంతా ఒక పిల్ల పాట మీద ఆధారపడటం వల్ల, ఆ ఇంట్లో ప్రేమకు కూడా వేదిక మీది విలువే లెక్కకు వచ్చింది. జేన్‌కు దక్కింది ముద్దు అనుకుంటాం గానీ, అది ప్రదర్శన ఉన్నన్నాళ్లు మాత్రమే చెల్లే ముద్దు. పెరిగి పెద్దయ్యాక ఆమెకు తెలిసిన ఒకే ఒక్క ఆప్యాయత చప్పట్ల రూపంలో వచ్చినదే. బ్లాంచ్‌కు దక్కింది ఓర్పు పాఠం. అయితే తల్లి నేర్పిన ఆ ఓర్పులోనే ‘నీ రోజు వస్తుంది’ అన్న వాగ్దానం కూడా ఉంది. అన్యాయం ఇద్దరికీ జరిగింది, రెండు వేర్వేరు రూపాల్లో. తోబుట్టువుల పగను చూపించే చిత్రాలు సాధారణంగా ఒకరిని దుర్మార్గులుగా పుట్టిస్తాయి. ఆల్డ్రిచ్ మాత్రం ఆ పని పది నిమిషాల్లోనే పెద్దవాళ్ల ఖాతాలో వేశారు.

1935 భాగం ఇంకా క్లుప్తంగా, ఇంకా తెలివిగా నడుస్తుంది. స్టూడియో మనుషులు ఇద్దరు ప్రొజెక్షన్ గదిలో కూర్చుని జేన్ నటించిన చిత్రం చూసి ముఖం చిట్లించుకుంటారు. అక్కడ జేన్ నటనగా చూపించినవి నిజానికి డేవిస్ 1933లో నటించిన రెండు చిత్రాల్లోని ముక్కలే. తన పాత చిత్రాలను చెత్త నటనకు ఉదాహరణగా వాడుకోనివ్వడానికి ఒక అగ్రనటి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆ సంభాషణలో మరో సంగతి బయటపడుతుంది. బ్లాంచ్ తన ఒప్పందంలో ఒక షరతు పెట్టింది: తనతో ఒక చిత్రం తీస్తే జేన్‌తో కూడా ఒకటి తీయాలి. తల్లికిచ్చిన మాట నిలబెట్టుకున్నట్టే కదా! కానీ ఆ షరతు ఫలితంగా జేన్ వైఫల్యం ఏడాదికేడాది అందరి ముందూ రుజువవుతూ పోయింది, ఆమె తిండి గింజలు కూడా బ్లాంచ్ దయ మీద ఆధారపడ్డాయి. పైకి ఉదారంగా కనిపించే పనితో ఎదుటి మనిషిని ఎంత లోతుగా కట్టిపడేయవచ్చో ఈ చిత్రం అడుగడుగునా చూపిస్తుంది. ఇది దానికి తొలి ఉదాహరణ.

ఆ తర్వాత ప్రమాదం. ఇంటి గేటు ముందు కారు ఆగుతుంది, ఒకరు దిగి గేటు తీయడానికి వెళతారు, మరొకరి కాలు యాక్సిలరేటర్ మీద పడుతుంది. ముఖాలు కనిపించవు, బూట్లు, గేరు, గేటు ఊచలు, అరుపు, చివరికి పగిలిన బేబీ జేన్ బొమ్మ తల మాత్రమే కనిపిస్తాయి. ఇక్కడ ఎడిటర్ మైకేల్ లూసియానో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. చూడనిదాన్ని చూశామని అనుకునేది మనమే. రెండోసారి చూసేటప్పుడు ఈ కొన్ని క్షణాలను ఆపి ఆపి చూస్తే, మనల్ని మోసగించినది మన తొందరే అని ఒప్పుకోవాల్సి వస్తుంది.

ఇక వర్తమానంలోకి వస్తే చిత్రం డేవిస్ చేతిలోకి వెళ్లిపోతుంది. జేన్ మేకప్‌ను డేవిస్ తానే రూపొందించుకున్నారు. ఇలాంటి మనిషి ముఖం కడుక్కోదు, నిన్నటి పొర మీదే ఇవాళ్టి పొర వేసుకుంటుంది అన్నది ఆమె ఆలోచన. అందంగా కనిపించాలన్న ఆశను నటి పూర్తిగా వదులుకుంటేనే సాధ్యమయ్యే పని అది. ఆమె నడకలో చెప్పులు ఈడ్చే శబ్దం, ఫోనులో మాట్లాడేటప్పుడు హఠాత్తుగా మారిపోయే స్వరం, ఎవరైనా పాత పేరు గుర్తుపట్టగానే వెలిగిపోయే కళ్లు — ఒకే పాత్రలో మూడు వయసులు కనిపిస్తాయి. ఒక రాత్రి ఆమె ముందుగదిలో ఒంటరిగా నిలబడి, చిన్నప్పటి పాటను చిన్నప్పటి అభినయంతోనే పాడుకుంటుంది. పాడుతూ పాడుతూ దీపం వెలుగులో అద్దం దగ్గరికి వెళ్లి తన ముఖం చూసుకుని, రెండు చేతులతో ముఖం కప్పుకుని కేక పెడుతుంది. ఆ కేక చల్లారకముందే పై అంతస్తు నుంచి బ్లాంచ్ నొక్కిన బజర్ మోగుతుంది. ఆ సన్నివేశంలో జేన్ మీద పుట్టే జాలి, తర్వాత ఆమె చేసే ఘోరాలన్నీ చూశాక కూడా పూర్తిగా పోదు. ప్రేక్షకుడిని అంత ఇబ్బందికరమైన చోట నిలబెట్టగలగడమే డేవిస్ గొప్పతనం. ఉత్తమ నటి విభాగంలో ఆమెకు ఆస్కార్ నామినేషన్ రావడంలో ఆశ్చర్యం లేదు.

అయితే నేను ఆగి మాట్లాడదలచుకున్నది క్రాఫర్డ్ గురించి. డేవిస్‌కు ఇల్లంతా రంగస్థలం. క్రాఫర్డ్‌కు దక్కినవి ఒక గది, ఒక కుర్చీ, ఒక కిటికీ మాత్రమే. గొంతు పెంచే అవకాశం కూడా ఆ పాత్రకు దాదాపు లేదు. టీవీలో తన పాత చిత్రం వస్తుంటే బ్లాంచ్ తన ముఖాన్ని తానే చూసుకునే తీరు గమనించండి. అందులో గతం మీద బెంగ కంటే తృప్తి ఎక్కువ. (ఆ టీవీ చిత్రం కూడా క్రాఫర్డ్ 1934లో నటించినదే.) జేన్‌తో మాట్లాడేటప్పుడు ఆమె స్వరం ఎప్పుడూ మెత్తగా, ఓర్పుగా, ఒక రోగితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆ మెత్తదనంలో ఎదుటి మనిషిని చిన్నది చేసే పద్ధతి ఒకటుంది. ఈ ఇల్లు నాన్న నాకోసం కొన్నాడని జేన్ అంటే, కాదు, నా సంపాదనతో నేనే కొన్నానని బ్లాంచ్ నెమ్మదిగా సరిదిద్దుతుంది. నేను ఈ కుర్చీలో లేకపోతే నన్ను ఇలా హింసించగలిగేదానివా అని ఒకచోట అడుగుతుంది. నువ్వు కుర్చీలోనే ఉన్నావు కదా అని జేన్ ఎదురు కొడుతుంది. ఈ సంభాషణ జేన్ క్రూరత్వానికి మచ్చుతునకగా పేరుపొందింది. నాకు మాత్రం బ్లాంచ్ ప్రశ్నే ఎక్కువ భయంకరంగా వినిపిస్తుంది. ఆ కుర్చీని ఆమె ప్రతి వాదనలోనూ ముందుకు తోస్తుంది. ఎందుకో కారణం చివర్లో గాని తెలియదు.

ఈ ఇద్దరినీ చిత్రీకరించిన ఛాయాగ్రాహకుడు ఎర్నెస్ట్ హాలర్. డేవిస్‌కు 1938 నాటి చిత్రంతో రెండో ఆస్కార్, క్రాఫర్డ్‌కు 1945 నాటి చిత్రంతో ఆమె ఏకైక ఆస్కార్ వచ్చాయి. ఆ రెండు చిత్రాలకూ ఛాయాగ్రహణం చేసింది ఈయనే. అంటే ఇద్దరి యౌవనాన్నీ దివ్యంగా వెలిగించిన మనిషే, వాళ్ల ముడతల మీద మొహమాటం లేకుండా వెలుగు వేశారన్నమాట. డేవిస్ ముఖం మీద వెలుగు సూటిగా, కఠినంగా పడుతుంది. క్రాఫర్డ్ ముఖం మీద మాత్రం చివరివరకూ ఒక మృదుత్వం మిగిలి ఉంటుంది, పాత తారల చిత్రపటాల్లో ఉండే మృదుత్వం. తిండి లేక బుగ్గలు పీక్కుపోయాక కూడా బ్లాంచ్ బాధలో ఒక అందం ఉంటుంది. మన సానుభూతి ఎటు మొగ్గుతుందో నిర్ణయించడంలో ఆ వెలుగుకు చాలా పాత్ర ఉంది. ఇది రంగుల్లో తీసి ఉంటే ఈ తేడా ఇంత పదునుగా తెలిసేది కాదు. ఆ పనికి హాలర్‌కు నామినేషన్ దక్కింది; ఐదు నామినేషన్లలో చివరికి ఆస్కార్ గెలిచింది మాత్రం నార్మా కోచ్ చేసిన దుస్తుల రూపకల్పన.

ఉత్కంఠ విషయానికొస్తే, ఆల్డ్రిచ్ పద్ధతి హడావిడి లేనిది. బ్లాంచ్‌కు రోజూ ట్రేలో భోజనం వస్తుంది, పైన వెండి మూత ఉంటుంది. ఒకరోజు, పంజరం శుభ్రం చేస్తుంటే నీ పిట్ట ఎగిరిపోయిందని మామూలుగా చెప్పి జేన్ వెళ్లిపోతుంది. మూత తీస్తే ఆ పిట్టే. ఆ తర్వాత వచ్చిన భోజనం మూత తీయడానికి బ్లాంచ్ చేతులు రావు. గంటలు గడుస్తాయి, ఆకలి పెరుగుతుంది, మూత అలాగే ఉంటుంది. చివరికి జేన్ వచ్చి మూత తీస్తే కింద ఉన్నది మామూలు అన్నమే. ఆమె దాన్ని బ్లాంచ్ ఎదుటే నింపాదిగా తింటుంది. చచ్చిన పిట్టను చూపించడం ఏ దర్శకుడైనా చేయగల పని. మంచి భోజనాన్ని హింసాయుధంగా మార్చడంలోనే అసలు పనితనం ఉంది. మరోసారి, మేడకింద ఎలుకలు చేరాయని తలుపు దగ్గర ఆగి చెప్పి వెళ్లిపోతుంది. ఈసారి మూత కింద ఉన్నది చూసి బ్లాంచ్ కుర్చీలో గిరగిరా తిరుగుతుంటే, కెమెరా పైకప్పు నుంచి చూస్తుంది. ఎటు తిరిగినా తలుపు లేని గది అది.

పక్కింటి మనుషులు ఎప్పుడూ పిలుపు దూరంలోనే ఉండటం కూడా ఈ ఉత్కంఠలో భాగమే. కిటికీలోంచి బ్లాంచ్ విసిరిన చీటీ నేల మీద పడి ఉంటుంది. పక్కింటావిడ అటుగా వస్తూ ఉంటుంది, జేన్ కారు కూడా వస్తూ ఉంటుంది. బయట ఎండ, పూలు, ఇరుగుపొరుగు పలకరింపులు. ఘోరం జరుగుతున్నది పాడుబడ్డ కోటలో కాదు, పగటివేళ, తోటలున్న వీధిలో. బ్లాంచ్ మెట్ల కమ్మీ పట్టుకుని, పనికిరాని కాళ్లను ఈడ్చుకుంటూ కింది ఫోను దగ్గరికి దిగే ఘట్టంలో క్రాఫర్డ్ చేతులను చూడండి: పట్టు తప్పిన ప్రతిసారీ వేళ్లు బిగుసుకోవడం, ఒక్కో మెట్టుకూ ఊపిరి ఆడకపోవడం. ఎట్టకేలకు డాక్టరుతో మాట్లాడుతుండగానే జేన్ తలుపు తీసుకుని లోపలికి వస్తుంది. ఆమె కాలితో తన్నే తీరు, ఆ వెంటనే బ్లాంచ్ గొంతును అచ్చంగా అనుకరిస్తూ డాక్టరుకు ఫోను చేసి ఏమీ లేదని చెప్పే తీరు, రెండింటిలో ఏది ఎక్కువ గగుర్పాటు కలిగిస్తుందో చెప్పడం కష్టం. ఆ అనుకరణ ఘట్టంలో వినిపించేది క్రాఫర్డ్ గొంతే; డేవిస్ పెదవులు మాత్రమే కదుపుతారు.

మిగతా పాత్రల్లో ఇద్దరి గురించి చెప్పాలి. జేన్ మళ్లీ వేదిక ఎక్కాలనే కోరికతో పత్రికలో ప్రకటన ఇస్తే పియానో వాయించడానికి వచ్చే ఎడ్విన్‌గా విక్టర్ బ్యూనో నటించారు. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్లే. తల్లి నీడ దాటని భారీకాయుడు, డబ్బు వాసన పసిగట్టగల మనిషి, అయినా పూర్తిగా చెడ్డవాడు కాడు. జేన్ ఆ చిన్నపిల్లల పాటను ఆ వయసులో అభినయిస్తుంటే, పియానో దగ్గర కూర్చున్న అతని ముఖంలో వెగటు, మర్యాద, జీతం మీద ఆశ ఒకదానివెంట ఒకటి కదులుతాయి. ఆయనకూ సహాయనటుడిగా నామినేషన్ వచ్చింది. ఇక పనిమనిషి ఎల్విరా పాత్రలో మెయిడీ నార్మన్ చిత్రానికి అవసరమైన వివేకాన్ని అందించారు. ఆ కాలంలో నల్లజాతి నటీమణులకు ఇచ్చే పనిమనుషుల పాత్రల్లో ఉండే అణకువ ఎల్విరాలో కనిపించదు. ఇంట్లో ఏదో తేడా ఉందని మొదట గుర్తించేదీ, దాన్ని సూటిగా అడిగేదీ, తాళం వేసిన తలుపు ముందు సుత్తి పట్టుకుని నిలబడేదీ ఆమే. ఆమెకు జరిగేది ఈ చిత్రంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసింది, ఎందుకంటే ఆ ఇంటి పగతో ఏ సంబంధమూ లేని మనిషి ఆమె ఒక్కతే.

లోపాలూ ఉన్నాయి. ఎడ్విన్‌కూ అతని తల్లికీ మధ్య నడిచే సన్నివేశాలు కథకు సమాంతరంగా మరో తల్లీబిడ్డల బంధనాన్ని చూపిస్తాయన్న మాట నిజమే గానీ, అవసరానికి మించి సాగాయి. మేడ మీద బ్లాంచ్ ఆకలితో ఉండగా ఆ ఇంటికి వెళ్లిన ప్రతిసారీ బిగి సడలుతుంది. ఫ్రాంక్ డి వోల్ సంగీతం కొన్నిచోట్ల, దృశ్యం చెప్పేసినదాన్ని మళ్లీ బిగ్గరగా చెబుతుంది. చిన్నప్పటి పాట రాగాన్ని వక్రంగా మలిచిన చోట్ల అదే సంగీతం ఎంతో బాగుంది, అందుకే మిగతా చోట్ల ఆ అరుపు నొచ్చుకునేలా చేస్తుంది. బ్లాంచ్ కిటికీ దగ్గర నిలువునా గొంతెత్తి ఎందుకు అరవదన్న ప్రశ్నకు చిత్రం గట్టి సమాధానం ఇవ్వదు. వీటన్నిటికంటే పెద్ద అభ్యంతరం మరొకటుంది. స్త్రీ వయసు మళ్లడాన్నే భయానకంగా చూపి ఈ చిత్రం కొంత లాభపడింది. దీని విజయం చూసి, ఒకప్పటి అగ్రతారలను మతిచలించిన ముసలివాళ్లుగా చూపే చిత్రాలు వరుసకట్టాయి. వాటిలో ఎక్కువభాగం ముడతలను అరువు తెచ్చుకున్నాయి, జాలిని మాత్రం తెచ్చుకోలేదు. ఆ పాపం పూర్తిగా ఆల్డ్రిచ్‌ది కాదు గానీ, దారి తెరిచింది ఆయనే.

ఇకపై ముగింపును చర్చిస్తున్నాను కాబట్టి, చిత్రం చూడనివారు ఇక్కడ ఆగి, చూసిన తర్వాత మిగతాది చదవడం మంచిది.

చివరి ఘట్టం సముద్రతీరంలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో జరుగుతుంది. రెండు గంటలపాటు తెరలు దించిన గదుల్లో మగ్గిన కళ్లకు ఆ వెలుగు దెబ్బలా తగులుతుంది. ఇసుకలో దుప్పటి మీద చావుబతుకుల మధ్య పడి ఉన్న బ్లాంచ్ నిజం చెబుతుంది. ఆ రాత్రి విందులో అందరి ముందూ తనను అనుకరించి వెక్కిరించినందుకు, గేటు తీస్తున్న జేన్‌ను కారుతో గుద్ది చంపాలనుకున్నది తానే. జేన్ తప్పించుకుంది, కారు గేటును ఢీకొని తన వెన్ను విరిగింది. తాగిన మైకంలో ఏమీ గుర్తులేని జేన్, నేరం తనదేనని నమ్మేసింది. తాను ఆ నమ్మకాన్ని అలాగే ఉండనిచ్చింది. దానికి జేన్ స్పందన ఆగ్రహం కాదు. అయితే ఇన్నాళ్లూ మనం స్నేహంగా ఉండగలిగేవాళ్లమన్నమాట అని విస్మయంగా అంటుంది. డేవిస్ ఆ మాటను ఏ బరువూ పెట్టకుండా, పోయిన వస్తువు ఎక్కడుందో ఇప్పుడే తెలిసినట్టు పలుకుతారు. ఒక నేరం ఆరోపించి మనిషిని జీవితాంతం అపరాధంలో బతికిస్తే ఆ మనిషి ఏమవుతుందో, ఆ ఒక్క వాక్యంలో ఉంది. అపరాధ భావమే జేన్‌ను పిచ్చిదాన్ని చేసిందా, లేక బాల్యం నుంచే ఆ బీజం ఉందా అన్నది చిత్రం తేల్చదు, తేల్చకపోవడమే సబబు.

ఈ ముగింపు మీద ఒక విమర్శ తరచుగా వస్తుంది: చివరి నిమిషంలో మాటల్లో చెప్పిన మలుపు అని, అంతకుముందు దానికి సాక్ష్యం లేదని. దీనితో నేను ఏకీభవించను. సాక్ష్యం 1917లోనే ఉంది, పళ్లు బిగపట్టి మరిచిపోనన్న పిల్ల దగ్గర. ఒప్పందంలోని షరతులో ఉంది, ముఖాలు చూపని ప్రమాదంలో ఉంది, ఆ కుర్చీని గుర్తుచేసే ప్రతి మాటలోనూ ఉంది. తల్లి చెప్పిన దయను బ్లాంచ్ అక్షరాలా పాటించింది; ఆ దయతోనే జేన్‌ను తన ఇంట్లో, తన ఖర్చు మీద, తన సేవలో పాతికేళ్లకు పైగా బంధించి ఉంచింది. అలాగని జేన్ చేసిన హత్య గాని, తోబుట్టువును ఆకలితో మాడ్చిన తీరు గాని చిన్నదైపోదు. ఈ నిజం తెలిసిన తర్వాత బ్లాంచ్ పడిన బాధ కూడా తగ్గిపోదు. ఇద్దరి ఖాతాలనూ ఒకదానితో ఒకటి కొట్టివేయడానికి చిత్రం ఒప్పుకోదు. జేన్ వెళ్లి ఐస్‌క్రీమ్ కొనుక్కొస్తుంది, చిన్నప్పుడు మారాం చేసి సాధించుకున్న అదే ఐస్‌క్రీమ్. పోలీసులు చుట్టుముట్టినప్పుడు చేరిన జనాన్ని ప్రేక్షకులనుకుని నాట్యం మొదలుపెడుతుంది. బ్లాంచ్ బతికిందో లేదో మనకు చెప్పరు.

ఇద్దరు నటీమణుల వైరం గురించి కూడా ఒక్క మాట. 1963 ఆస్కార్ వేడుకలో ఉత్తమ నటి పురస్కారం వేరొక నటికి ప్రకటించగా, రాలేకపోయిన ఆమె తరఫున వేదికెక్కి ఆ ప్రతిమను అందుకున్నది క్రాఫర్డ్. నామినేషన్ పొందిన డేవిస్ అక్కడే ఉన్నారు. 1964లో ఆల్డ్రిచ్ వీరిద్దరితోనే మరో చిత్రం మొదలుపెడితే, క్రాఫర్డ్ స్థానంలో ఒలీవియా డి హావిలాండ్ నటించాల్సి వచ్చింది. ఈ సంగతుల మీద 2017లో ఏకంగా ఒక టీవీ ధారావాహికే వచ్చింది. అయితే ఆ కబుర్లను మనసులో పెట్టుకుని ఈ చిత్రం చూస్తే నష్టపోయేది చిత్రమే. తెర మీద కనిపించే ద్వేషాన్ని నటీమణుల సొంత ద్వేషంగా చదివినప్పుడు, వాళ్లు ఎంత కష్టపడి దాన్ని నిర్మించారో కనిపించదు. నలభైలు దాటిన నటీమణులకు పాత్రలే లేని పరిశ్రమలో, పారితోషికం తగ్గించుకుని లాభాల్లో వాటా తీసుకుని ఇద్దరూ ఈ చిన్న బడ్జెట్ చిత్రం చేశారు. హడ్సన్ అక్కచెల్లెళ్లను పక్కపక్కన నిలబెట్టి తూచిన లోకమే వీళ్లనూ అలాగే తూచింది.

అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో ఈ చిత్రానికి 2021లో చోటు దక్కింది. 1991లో టీవీ కోసం దీన్ని మళ్లీ తీశారు, కానీ మొదటిసారి చూసేవారు 1962 నాటి నలుపు తెలుపు చిత్రాన్నే ఎంచుకోవాలి. ఉలిక్కిపడేలా చేసే దృశ్యాల కోసం చూసేవారికి మొదటి గంట నెమ్మదిగా అనిపించవచ్చు. మనుషుల మధ్య మాటల్లో దాగిన హింసను పట్టించుకునేవారికి ఒక్క నిమిషం కూడా వృథా అనిపించదు. చిన్నపిల్లలకు చూపించదగ్గది కాదు. వీలైతే కొంత వ్యవధి ఇచ్చి రెండోసారి చూడండి, ఈసారి జేన్ తెర మీద ఎంత గోల చేస్తున్నా చూపు తిప్పకుండా బ్లాంచ్‌నే చూడండి. క్రాఫర్డ్‌కు ఆ ఏడాది నామినేషన్ కూడా ఇవ్వకపోవడం ఎంత పెద్ద పొరపాటో అప్పుడు తెలుస్తుంది.